కాఫీయు, పెద్దప్రేగు క్యాన్సరును
(శంషాబాదు పరిసర గ్రామముల పంచాయతీ సభ్యుల కొరకు చేసిన ప్రసంగ పాఠము)



కాఫీని గూర్చి చెప్పుటకు సమాచార శాఖవారు పనిగట్టుకొని రావలెనా అని మీలో కొందరికి తోచవచ్చును. మనది చాయ్ త్రాగెడి సీమ. బెంగుళూరు రోడ్డు మీద ఏ హోటలు ముందు నిలిచినను ఇరానీ చాయ్ దొరకును గాని, మంచి ఫిల్టరు కాఫీ కావలెనన్నచో వెదుకవలసినదే. అయినను 2008 మార్చిలో బేగంపేట నుండి విమానములు ఇక్కడికి తరలివచ్చిన పిదప ఈ ప్రాంతపు అలవాటులు కొంత మారినవి. సామానులు ఎక్కించువారు, టాక్సీలు నడుపువారు, తుడుచువారు, కాపలా కాయువారు, సరకుల గిడ్డంగులలో పనిచేయువారు ఎందరో ఈ గ్రామముల నుండియే పోయి రాత్రి షిఫ్టులు చేయుచున్నారు. నిద్రను ఆపుకొనుటకు వారు కాఫీ అలవాటు చేసికొనిరి. ఇప్పుడది చిన్న పొట్లముల రూపమున ఇండ్లకు కూడ చేరినది.

దానితోపాటు ఒక మాటయు చేరినది. కాఫీ త్రాగువారికి పెద్దప్రేగు క్యాన్సరు రాదనియు, రోజునకు నాలుగు కప్పులు త్రాగినచో వచ్చినది కూడ పోవుననియు సెల్‌ఫోనులలో సందేశములు తిరుగుచున్నవి. ఇది పూర్తిగా కల్ల అయినచో ఒక్క వాక్యములో త్రోసివేసి మేము కూర్చుండెడివారము. ఇందులో కొంత నిజము కలదు. కొంత నిజము కలిసిన మాటయే మనుష్యుని ఎక్కువగా దారి తప్పించును గనుక దీనిని విడదీసి చెప్పవలసి ఉన్నది.

పెద్దప్రేగు అనునది చిన్నప్రేగునకు తరువాతి భాగము. సుమారు ఐదడుగుల పొడవు. ఆహారములోని సారమును చిన్నప్రేగు పీల్చుకొనగా మిగిలిన పిప్పి ఇక్కడ చేరి, నీరు ఇంకి, మలముగా గట్టిపడును. కోట్లకొలది సూక్ష్మజీవులు ఇక్కడ కాపురముండి ఆ పిప్పిని పులియబెట్టుచుండును. ఈ ప్రేగు లోపలి పొరమీద ఒక్కొక్కప్పుడు పులిపిరికాయవంటి చిన్న బుడిపె లేచును. వైద్యులు దీనిని పాలిప్ అందురు. చాలవరకు ఇవి హాని చేయవు. కొన్ని మాత్రము ఏండ్ల తరబడి, తరచుగా పది సంవత్సరములు అంతకు పైబడి, మెల్లగా పెరిగి క్యాన్సరుగా మారును. మన పెద్దలు రాచపుండు అని భయపడినది ఈ జాతి రోగమునకే. 2022వ సంవత్సరపు అంచనాల ప్రకారము పెద్దప్రేగు, పురీషనాళముల క్యాన్సరు ప్రపంచములో 19 లక్షలకు మించిన మందికి క్రొత్తగా వచ్చినది. 9 లక్షలకు పైగా మరణించిరి. మన దేశములో క్రొత్త రోగులు సుమారు 70 వేలు. జనాభాతో పోల్చి చూచినచో పాశ్చాత్య దేశములకంటె మనకిది తక్కువే.

ఇక కాఫీ గింజ సంగతి. తెలుగు నేలమీద కాఫీ పండునది తూర్పు కనుమలలో. పాడేరు, అరకు ప్రాంతములలో గిరిజనులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియపు తీగెల నడుమ దీనిని పెంచుచున్నారు. అరకు లోయ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. కాఫీ అనగా కెఫీను మాత్రమే అని చాలమంది తలంతురు. వేయించిన గింజలో వందలకొలది రసాయన పదార్థములున్నవి. నిద్రను పోగొట్టు కెఫీను వానిలో ఒకటి. ప్రేగు విషయములో శాస్త్రజ్ఞులు ఎక్కువగా పరిశీలించుచున్నది వేరొకదానిని. దాని పేరు క్లోరోజెనిక్ ఆమ్లము. పేరు క్రొత్తదైనను వస్తువు మన వంటింటిలోనిదే. వంకాయ కోసి గాలికి పెట్టినచో ముక్కలు నల్లబడునుగదా. అందుకు ముఖ్యకారణము వంకాయలో నిండుగానున్న ఈ ఆమ్లమే. కాఫీ గింజలో ఇది మిక్కిలి ఎక్కువ. గింజను నల్లగా మాడ్చి వేయించిన కొలది తగ్గిపోవును.

మనము త్రాగిన కాఫీలోని క్లోరోజెనిక్ ఆమ్లములో ఇంచుమించు మూడవ వంతును చిన్నప్రేగు పీల్చుకొనును. మిగిలినదంతయు పెద్దప్రేగునకు దిగును. అక్కడి సూక్ష్మజీవులు దానిని విరుగగొట్టి చిన్న చిన్న పదార్థములుగా మార్చును. ఇనుము తుప్పుపట్టినట్లు శరీర కణములు కూడ ఒక విధమగు ఆక్సీకరణము చేత దెబ్బతినుచుండును. ఈ పదార్థములు ఆ దెబ్బను తగ్గించునని ప్రయోగశాలలలో చూచిరి. కాఫీకి గోధుమవర్ణము నిచ్చు మెలనాయిడినులు వేయించునపుడు పుట్టును. అవి జీర్ణము కాక పీచువలె క్రిందికి దిగి మేలుచేయు సూక్ష్మజీవులకు మేతయగును. గింజలోని నూనెలో కాఫెస్టాల్, కాహ్వియాల్ అను రెండు పదార్థములున్నవి. క్యాన్సరు పుట్టించు విషములను విరిచివేయు ఎంజైములను ఇవి ఎక్కువ చేయునని జంతువులలో కనుగొనిరి. అయితే ఈ రెండే రక్తములో కొలెస్టరాలును పెంచును. కాగితపు వడపోతలో ఇవి చాలవరకు ఆగిపోవును. ఒక చేత మేలు, మరియొక చేత కీడు చేయు వస్తువులు లోకములో ఇట్లే ఉండును. ఇవిగాక, కాఫీ త్రాగిన కొలది నిమిషములకే కొందరికి దొడ్డికి పోవలెననిపించును. పెద్దప్రేగు చివరి భాగమును కాఫీ కదలించుటయే అందుకు కారణము. మలము ప్రేగులో నిలువయుండు కాలము తగ్గినచో అందలి హానికర పదార్థములు ప్రేగు గోడను తాకు కాలము కూడ తగ్గునని ఒక ఊహ.

ఇదంతయు ఎట్లు మేలు కలుగవచ్చునో చెప్పునది. నిజముగా మనుష్యులలో మేలు కలిగినదా అని చూచుట వేరు.

ఇజ్రాయేలు దేశపు ఉత్తర భాగములో 5,145 మంది రోగులను, ఆ రోగము లేని 4,097 మందిని పోల్చి చూచిన ఒక పరిశోధన 2016లో వెలువడినది. కాఫీ త్రాగువారిలో ఈ క్యాన్సరు 26 శాతము తక్కువగా కనబడినది. కెఫీను తీసివేసిన కాఫీ త్రాగినవారిలో కూడ తగ్గుదల ఉండుట విశేషము. దీనికి ముందు సంవత్సరము అమెరికాలో శస్త్రచికిత్స, మందులు జరిగిన 953 మంది పెద్దప్రేగు క్యాన్సరు రోగులను గమనించగా, దినమునకు నాలుగు కప్పులు అంతకు పైన త్రాగువారిలో రోగము తిరుగబెట్టుట గాని, మరణము గాని 42 శాతము తక్కువగా ఉండెను. అయితే అక్కడ కెఫీను లేని కాఫీ వలన భేదము కనబడలేదు! 2024లో నెదర్లాండ్సు దేశమున 1,719 మంది రోగులలో ఇటువంటి ఫలితమే వచ్చినది. సెల్‌ఫోను సందేశములో చెప్పబడు నాలుగు కప్పుల కథ ఇట్టి పరిశోధనల నుండి పుట్టినదే. ఆ రోగులందరును ముందుగా వైద్యము పొందినవారు అను మాటను సందేశము వ్రాసినవారు విడిచిపెట్టిరి.

ఇప్పుడు రెండవ ప్రక్క చూడుడు. యూరపులో పది దేశములకు చెందిన 4 లక్షల 77 వేల మందిని సుమారు పదకొండేండ్లకు పైగా గమనించిన పరిశోధన ఫలితము 2014లో వచ్చినది. వారిలో నాలుగు వేల మందికి పైగా ఈ క్యాన్సరు వచ్చినది. కాఫీ త్రాగినవారికి ఎక్కువ రాలేదు, తక్కువయు రాలేదు. ఇది మొదటివానికంటె చాల పెద్ద పరిశోధన; పైగా రోగము రాకముందే అలవాటులు అడిగి వ్రాసికొన్నది.

ఇట్లు భిన్నముగా రానేల? ఒక కారణము మీకు సులభముగా బోధపడును. ప్రేగులో బాధ మొదలైన మనిషి వైద్యుని వద్దకు పోకముందే కడుపులో మంటయనియో, విరేచనములనియో కాఫీ మానివేయును. పిమ్మట రోగము బయటపడినపుడు లెక్కించినచో, కాఫీ త్రాగనివారికే రోగము వచ్చినట్లు కనబడును. నిజమునకు రోగమే కాఫీని మాన్పించినది. అట్లే నాలుగు కప్పులు త్రాగగల రోగి, ఒక కప్పు కూడ సహింపని రోగికంటె మొదటినుండియు బలముగా ఉండవచ్చును. పరిశోధకులు ఈ చిక్కులను లెక్కలతో సవరింతురు గాని పూర్తిగా తొలగింపలేరు.

ఈ చిక్కును తగ్గించు మార్గమును మన హైదరాబాదు చుట్టుప్రక్కలనే చూడవచ్చును. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1987 నుండి 1990 వరకు హైదరాబాదునకు సమీపమునగల 29 గ్రామములను తీసికొనిరి. 15 గ్రామములలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారము ఇచ్చిరి. 14 గ్రామములకు ఆ ఏర్పాటు అప్పటికింకను రాలేదు. ఆ పిల్లలు 13 నుండి 18 ఏండ్లవారైన పిదప మరల వెదకి పట్టుకొని కొలిచిరి. ఆహారము అందిన గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉండిరి. గుండెజబ్బునకు, మధుమేహమునకు దారితీయు కొన్ని లక్షణములు కూడ వారిలో మెరుగుగా ఉండెను. ఇక్కడ అదనపు ఆహారము తినుట, తినకపోవుట ఆయా కుటుంబముల ఇష్టమును బట్టి జరుగలేదు. ఏ గ్రామమునకు పథకము వచ్చినదో దానిని బట్టి జరిగినది. కాఫీ విషయములో, సగము మందికి ఏండ్ల తరబడి కాఫీ ఇచ్చి, సగము మందికి ఇవ్వక, ఎవరికి ప్రేగు క్యాన్సరు వచ్చునో చూచిన ప్రయోగము జరుగలేదు. రోగము ఊరుటకే పదేండ్లు పట్టును గనుక అది తేలికగా జరుగబోదు.

అందుచేతనే పెద్ద సంస్థలు తొందరపడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 1991లో, కాఫీ మూత్రాశయపు క్యాన్సరు కలిగింపవచ్చునని అనుమానించినది. పెద్దప్రేగునకు అట్టి కీడు చేయుచున్నట్లు లేదని అప్పుడే చెప్పినది. 2016లో వేయికి పైగా పరిశోధనలు తిరిగి చూచి, మూత్రాశయపు అనుమానమును కూడ విడిచిపెట్టినది. కాలేయము, గర్భాశయపు లోపలి పొర, వీని క్యాన్సరుల విషయములో కాఫీ మేలు చేయుచున్నట్లు సాక్ష్యము కొంత గట్టిది. పెద్దప్రేగు విషయములో మాత్రము ఇదమిత్థమని తేల్చదగినంత లేదు. మా మాటగా చెప్పవలెనన్నచో, కాఫీ త్రాగెడివారు భయపడనక్కరలేదు. త్రాగనివారు ఈ రోగము కొరకని మొదలు పెట్టనక్కరలేదు.

ఆ సంస్థయే 2016లో మరియొక హెచ్చరిక చేసినది. 65 డిగ్రీలకు మించిన వేడిగల పానీయము ఏదైనను, అది కాఫీ అయినను చాయ్ అయినను, అన్నవాహికకు క్యాన్సరు కలిగింపవచ్చును. పొగలు గ్రక్కుచున్న గ్లాసును గుటుకున మ్రింగుట మగతనమని తలచువారు ఈ సంగతి గమనింతురుగాక. రాత్రి షిఫ్టుల మాట కూడ చెప్పవలెను. ఏండ్ల తరబడి రాత్రులు పనిచేయుట క్యాన్సరుకు కారణము కావచ్చునని 2019లో ఆ సంస్థ నిర్ణయించినది. అందులో పెద్దప్రేగు పేరును కలదు. విమానాశ్రయములో పనిచేయు మన పిల్లలు పగటి నిద్రను అంగడిపనులకు, పెండ్లిళ్ళకు బలిచేయకుండ చూచుట ఇంటివారి బాధ్యత. నిద్ర లోటును కాఫీ కప్పిపుచ్చును గాని తీర్చదు.

పాశ్చాత్యుల నాలుగు కప్పులను మన నాలుగు కప్పులతో పోల్చుట కూడ పొరపాటు. మన కప్పులో కాఫీకంటె చక్కెర గట్టిది. కప్పునకు రెండు చెంచాల వంతున నాలుగు కప్పులకు ఎనిమిది చెంచాలు, అనగా 30 గ్రాములకు పైగా చక్కెర. రోజు మొత్తములో 25 గ్రాములకు లోపుగా ఉన్నచో మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. స్థూలకాయము పెద్దప్రేగు క్యాన్సరుకు నిశ్చయముగా ఒక కారణము. అట్లయినచో, క్యాన్సరు రాకుండ త్రాగుచున్నామను పేరుతో దానికి దారి వేయుచున్నామా అని ఆలోచింపవలెను. ఇక పొడి సంగతి. బజారులో దొరకు కాఫీ పొడిలో చాలవరకు చికోరీ అను వేరు పొడి కలిసియుండును. ఇది నేరము కాదు. కాని అట్టి మిశ్రమములో కాఫీ 51 శాతమునకు తగ్గరాదనియు, ఏది ఎంత కలదో పొట్లముమీద ముద్రింపవలెననియు చట్టము. ముద్ర లేని విడి పొడి కొన్నచో గ్లాసెడు నీళ్ళమీద ఒక చెంచా పొడి చల్లి చూడుడు. ఫిల్టరు కాఫీ పొడి తేలును; చికోరీ రంగు చారలు విడుచుచు అడుగునకు దిగును. బడిపిల్లలచేత చేయించినచో వారికొక పాఠమగును.

జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన ఆహార సూత్రములలో కెఫీను రోజునకు 300 మిల్లీగ్రాములు మించరాదని ఉన్నది. 150 మిల్లీలీటర్ల ఫిల్టరు కాఫీలో 80 నుండి 120 మిల్లీగ్రాముల వరకు, పొట్లపు కాఫీలో 50 నుండి 65 వరకు, చాయ్‌లో 30 నుండి 65 వరకు కెఫీను ఉండును. ఫిల్టరు కాఫీ రెండు మూడు కప్పులతో పరిమితి నిండిపోవునన్నమాట. భోజనమునకు గంట ముందును, గంట తరువాతను చాయ్ గాని, కాఫీ గాని త్రాగవద్దని కూడ వారే చెప్పిరి. ఆహారములోని ఇనుమును శరీరము పీల్చుకొనకుండ ఇవి అడ్డుపడును. రక్తహీనత ఇంటింటను ఉన్న మన గ్రామములలో, ముఖ్యముగా గర్భిణులకును యువతులకును, ఈ సూత్రము బంగారమువంటిది. ఇనుము మాత్రలను చాయ్‌తో మ్రింగువారిని మీరందరు చూచియే యుందురు.

పెద్దప్రేగునకు మేలు చేయునని గట్టిగా తేలినవి కాఫీకంటె చవుకైనవి. పొట్టు తీయని ధాన్యము, పీచుగల ఆహారము, ఒళ్ళు వంచి చేయు పని. ఈ నేల జొన్న పండిన నేల. జొన్నరొట్టె, కందిపప్పు, ఆకుకూర తినుచు పొలములో నడిచిన తాతలకు తెలియకయే ఈ రక్షణ ఉండెను. భూములు పోయి, కారులు వచ్చి, తెల్లబియ్యము, మైదా, కూర్చుండు ఉద్యోగము వచ్చిన మనుమనికి అది లేదు. సారాయి, బ్రాందీ, బీరు అనక మద్యమేదైనను ఈ క్యాన్సరును పెంచును. పొగాకును అంతే. ఉప్పుపెట్టి, పొగబెట్టి నిలువచేసిన మాంసపు సరకులు కూడ ఆ కోవలోనివే.

మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇక చెప్పెదము. మలములో రక్తము పడినచో మన గ్రామములలో మొట్టమొదట పలుకు మాట మొలలు. తొంభై పాళ్ళు అది నిజమే కావచ్చును. మిగిలిన పాళ్ళను గూర్చియే మా చింత. సిగ్గుచేత ఇంటిలో కూడ చెప్పక, గోడలమీద గ్యారంటీ వైద్యమని వ్రాసికొన్నవారి వద్ద నెలల తరబడి పూతలు పూయించుకొని, చివరకు ప్రేగు మూసికొనిపోయి పొట్ట ఉబ్బిన తరువాత ఆసుపత్రి చేరుదురు. అమెరికా లెక్కలలో, రోగము ప్రేగును దాటకముందే కనుగొన్నచో పదిమందిలో తొమ్మిదిమంది ఐదేండ్లు గడచి జీవించుచున్నారు. దూరపు అవయవములకు ప్రాకిన పిమ్మట పదిమందిలో ఒకరిద్దరే. కాఫీమీద విశ్వాసముంచి ఆరు నెలలు ఆగిన మనిషి పోగొట్టుకొనునది ఆ భేదమును.

కనుక మలములో రక్తము కనబడినను, మలము తారువలె నల్లగా ఉన్నను, మలవిసర్జన పద్ధతి మారి కొన్ని వారములైనను కుదుటపడకున్నను, కారణము లేకుండ బరువు తగ్గినను, నడివయసు దాటిన పురుషునికి గాని, ముట్లుడిగిన స్త్రీకి గాని రక్తహీనత వచ్చినను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి చూపవలెను. తల్లికో, తండ్రికో, తోబుట్టువునకో ఈ రోగము వచ్చియున్నవారు లక్షణములు లేకున్నను వైద్యుని సలహా తీసికొనవలెను. పెద్దప్రేగులోనికి సన్నని గొట్టపు కెమెరా పంపి చూచు పరీక్షను కొలొనోస్కోపీ అందురు. బుడిపె కనబడినచో ఆ గొట్టముతోనే తీసివేయవచ్చును. అప్పుడు రాబోవు క్యాన్సరు మొలకలోనే పోయినదన్నమాట.

ఒక విషయము పంచాయతీవారు ఎరిగియుండవలెను. ముప్పది యేండ్లు దాటినవారికి ప్రభుత్వము జరిపించు క్యాన్సరు పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారము, ఈ మూటికి మాత్రమే ఉద్దేశింపబడినవి. పెద్దప్రేగు అందులో లేదు. అమెరికా మొదలగు దేశములలో లక్షణములు లేనివారికి కూడ 45 ఏండ్ల నుండి పరీక్షలు చేయుచున్నారు. మనకు అట్టి ఏర్పాటు లేనందున, ఇక్కడ రోగిని కనిపెట్టవలసినది ఇంటివారి కన్నును, ఆశా కార్యకర్త చెవియును. గ్రామసభలో ఈ లక్షణములను చదివి వినిపించుటకు పది నిమిషములు చాలును. స్త్రీల విషయమై మహిళా సంఘముల సమావేశము మేలు. పురుషుల ముందు వారు నోరు విప్పరు.

హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి ప్రభుత్వమువారిది. 1955 నుండి పనిచేయుచున్నది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము క్రింద అర్హులైన కుటుంబములకు క్యాన్సరు చికిత్సయు లభించును. సంవత్సరమునకు కుటుంబమునకు ఇచ్చు పరిమితిని తెలంగాణ ప్రభుత్వము 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచినది. వెళ్ళువారు ఆహార భద్రతా కార్డు, ఆధారు కార్డు, అంతకుముందు చేయించిన పరీక్షల కాగితములు, వాడిన మందుల చీటీలు తప్పక వెంట తీసికొనిపోవలెను. పూతవైద్యము చేయించుకొన్నవారు ఆ సంగతి దాచక చెప్పవలెను. అక్షరము రాని వృద్ధులకు తోడుగా వార్డు సభ్యుడొకరు మొదటి దినము వెళ్ళినచో, ఏ కిటికీ వద్ద ఏ చీటీ తీసికొనవలెనో తెలియక వెనుదిరిగి వచ్చుట తప్పును.